పదకొండు లైన్లు

ఆఫీసు నుంచి పిలుపు వచ్చేసరికి సూదమ్మ ఒక దిండు గలీబుకు అంచు కుడుతోంది. గోడకున్న ఫోను తీసిన పక్క మిషనామె రెండు ముక్కలు విని పెట్టేసి, "నిన్నే. మేనేజరు గారు. పని ఎక్కడిదక్కడ వదిలి రమ్మన్నారు" అంది. ఆ గదిలో ఎనిమిది కుట్టుమిషన్లు. అన్నీ ఒక్కసారి ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. ఎవరూ తల ఎత్తలేదు.

ఆస్పత్రుల దుప్పట్లు, గలీబులు, ఆపరేషను గౌన్లు ఉతికి ఇస్త్రీ చేసి పంపే పెద్ద లాండ్రీ అది. చిరిగినవాటికి మాసికలు వేసే గదిలో పదిహేనేళ్ళుగా కూర్చుంటోంది గనక ఆమెకు సూదమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. జీతం కాగితం మీద ఇంకో పేరుంది. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమే ఒకోసారి పలకదు. ఈ పదిహేనేళ్ళలో మేనేజరు గది గుమ్మం తొక్కింది రెండుసార్లు. చేరినప్పుడు ఒకసారి, భర్తకు జబ్బు చేసి సెలవు అడగడానికి ఒకసారి. రెండోసారి సెలవు దొరకలేదు.

మెట్లెక్కుతుంటే, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే అంగుస్తానా ఇంకా ఉందని చూసుకుంది. తీసి గుప్పిట్లో పట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది. చేతులు ఊరుకోవడం లేదు.

మేనేజరు బల్ల మీద లాండ్రీ పత్రిక తెరిచి ఉంది. మూడు నెలలకోసారి పనివాళ్ళ కోసం వేసే పన్నెండు పేజీల పుస్తకం అది. ఎవరికి పెళ్ళయింది, ఎవరు రిటైరయ్యారు, ఏ విభాగం ఎన్ని టన్నులు ఉతికింది, అన్నీ అందులో ఉంటాయి. చివరి పేజీ పైన 'కవితలు' అని ఉంది. దాని కింద ఆమె రాసిన పదకొండు లైన్లు.

కిటికీ అవతల
వాన.
ఆమె ఒక్కసారి
అటు చూసింది.
దుప్పటి లోపలికి పోయింది,
వేళ్ళు దాని వెంట పోయాయి.
ఆమె అరవలేదు.
అటువైపు
దుప్పటి ఒక్కటే వచ్చింది,
తెల్లగా,
ఒక్క ముడత లేకుండా.

పని పోయిందనుకుంది సూదమ్మ.

"కూర్చోమ్మా" అన్నాడు మేనేజరు. ఆయన మెత్తగా మాట్లాడే మనిషి. "చాలా బాగా రాశావు. మా ఇంట్లో కూడా చదివి వినిపించాను. మా ఆవిడకి కళ్ళ నీళ్ళొచ్చాయి."

సూదమ్మ కుర్చీ అంచున కూర్చుంది. తిడతాడనుకున్నవాడు మెచ్చుకుంటే ఎక్కడ చూడాలో తెలియలేదు.

"ఇది రోలరు గది పెద్దక్క సంగతేగా?"

తల ఊపింది.

"నువ్వు అక్కడే ఉన్నావుగా ఆ రోజు?"

మళ్ళీ తల ఊపింది. భయంలో మెడ దానంతట అదే ఊగుతుంది. ఆపుదామన్నా ఆగదు.

"మంచిది. గురువారం ప్రభుత్వం తరఫున ఇన్‌స్పెక్టరు వస్తున్నారు, ప్రమాదం గురించి విచారణకి. కళ్ళారా చూసినవాళ్ళు నువ్వు తప్ప ఎవరూ లేరు. కథ రాసి పెట్టావు గనక మాకూ పని తేలికయింది."

"కథ కాదండి. కవితల పేజీలో వేశారు."

"కవితో కథో, చూసిందే రాశావు కదా" అంటూ ఆయన ఒక టైపు చేసిన కాగితం ఆమె ముందుకు జరిపాడు.

'కిటికీ అవతల వాన పడుచుండగా సదరు కార్మికురాలు అటు చూసినది. దుప్పటితోపాటు ఆమె వేళ్ళు యంత్రములోనికి పోయినవి. ఆమె అరవలేదు.' కింద సంతకానికి చుక్కల గీత.

సూదమ్మ రెండుసార్లు చదివింది. తన మాటలే. వాటిని ఎవరో స్నానం చేయించి యూనిఫాం తొడిగినట్టున్నారు. "చివర్లో ఇంకా ఉండాలండి" అంది, ఏదో ఒకటి అనాలి గనక.

"తెల్లగా, ముడత లేకుండా, అదేగా? అది కవిత్వంలేమ్మా. రిపోర్టుకి అక్కర్లేదు."

"కళ్ళజోడు కింద వదిలేశానండి" అంది సూదమ్మ. ఆ కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. మేనేజరు దాన్ని చూశాడు, చూసి చిన్నగా నవ్వాడు. "ఇంటికి తీసుకెళ్ళి నింపాదిగా చదువుకో. గురువారం ఇన్‌స్పెక్టరమ్మ ముందే సంతకం పెడుదువుగాని."

మెట్లు దిగుతుంటే అర్థమైంది ఆమెకు. కిటికీలోంచి వాన చూస్తూ చెయ్యి పోగొట్టుకున్న మనిషికి నష్టపరిహారం ఎవరిస్తారు? తప్పు ఆమెదే అవుతుంది. అది చెప్పే కాగితం తానే రాసి ఇచ్చింది.

*

ప్రమాదం జరిగి రెండున్నర నెలలయింది.

రోలరు గదిలో ఒక పొడవాటి యంత్రం ఉంది. నిప్పులా కాలే పెద్ద ఇనుప రోలరు, దాని కింద మెత్తటి పరుపు. తడి దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఇటునుంచి లోపలికి అందిస్తే, అటునుంచి పొడిగా, గట్టిగా, వార్తాపత్రికలాగా బయటికి వస్తుంది. అందించే చోట వేళ్ళ ఎత్తున ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. చెయ్యి పొరపాటున ముందుకు పోయి ఆ కడ్డీకి తగిలిందా, యంత్రం టక్కున ఆగిపోతుంది. మంచి ఏర్పాటే గాని, దుప్పటి కాస్త ఉబ్బినా కడ్డీకి తగులుతుంది, యంత్రం ఆగుతుంది. ఆగిందంటే మళ్ళీ వేడెక్కాలి.

ఆ గది సూపర్‌వైజరుకు ఇది కంట్లో నలుసు. గంటకు ఎన్ని దుప్పట్లు దిగాయో చూసుకుంటూ ఎప్పుడూ మణికట్టు వంక చూస్తుంటాడని అతన్ని వెనకాల అందరూ గడియారం అంటారు. ఆ రోజు పొద్దున్నే మాసికల గదికి వచ్చి, "సూదమ్మక్కా, రెండు జానల పేలిక ఒకటి చింపివ్వు. ఆ దిక్కుమాలిన కడ్డీ ఊరికే ఆపేస్తోంది, వెనక్కి కట్టేస్తాను" అన్నాడు. సూదమ్మ పాత దుప్పటి ఆకుపచ్చ అంచు సర్రున చింపి ఇచ్చింది. దేనికో తెలిసే ఇచ్చింది. తెలియదని తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది గాని, చెప్పుకున్నప్పుడల్లా ఆ సర్రుమన్న చప్పుడు వినిపించేది.

మధ్యాహ్నం కుట్టిన దుప్పట్లు బండిలో వేసుకుని రోలరు గదికి తోసుకెళ్ళింది. పెద్దక్క కుడికొస పట్టుకుని అందిస్తోంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. సూదమ్మ చేరిన మొదటి రోజున పనిచోటు ఎక్కడో తెలియక తిరుగుతుంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టింది ఆమే. ఆ చెయ్యే దుప్పటి మడతలో ఇరుక్కుని లోపలికి పోవడం సూదమ్మ చూసింది. కడ్డీ ఆపలేదు. పేలికతో వెనక్కి కట్టేసి ఉంది. ఎడమ కొస పట్టుకున్న కొత్త పిల్ల పరుగెత్తింది, మర్నాడు పనికి రాలేదు, ఆ తర్వాత ఎక్కడికి పోయిందో కూడా తెలియలేదు. యంత్రానికి అటువైపు ఉన్నవాళ్ళకు ఏమీ కనపడదు. ఎవరో మీట లాగారు. అందరూ పెద్దక్క చుట్టూ మూగినప్పుడు గడియారం వంగి, పేలిక ముడి విప్పి, జేబులో పెట్టుకున్నాడు. లేస్తూ సూదమ్మ వంక చూశాడు.

నాలుగు రోజుల తర్వాత ఆ దుప్పటి మాసికలకు వచ్చింది. మూడుసార్లు ఉతికారట. తెల్లగా ఉంది. కొస దగ్గర నాలుగు వేళ్ళంత చిరుగు. మిగతావాళ్ళు 'మేం ముట్టుకోం' అన్నారు. సూదమ్మ మాసిక వేసింది. వేశాక, మూటలకు కట్టే కాగితపు చీటీ ఒకటి తీసుకుని రాసింది. చీటీ మూడు వేళ్ళ వెడల్పు ఉంటుంది. మాట పట్టకపోతే కింద లైనులో రాసింది. వాన పెట్టింది, కిటికీ పెట్టింది. పేలిక పెట్టలేదు. రాశాక గుండె కొంచెం తేలికయింది, ఆ తేలికదనం చూసి భయం కూడా వేసింది.

స్టోరు గదిలో పనిచేసే మాస్టారు ఆ పత్రిక తయారు చేస్తాడు. ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పేవాడు. చీటీ ఆమె దారాల డబ్బాలో చూసి, చదివి, అలాగే జేబులో వేసుకుపోయాడు. పత్రికలో వేస్తానని అడిగాడో లేదో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు.

*

ఇప్పుడు మాస్టారు సబ్బుపొడి బస్తాల మధ్య స్టూలు మీద కూర్చుని టైపు కాగితం పట్టుకున్నాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"కవితలు అని పైన అచ్చేశాను కదమ్మా. కవితని సాక్ష్యం అంటారా ఎక్కడైనా?"

"మీరెందుకు కవిత అనుకున్నారు మాస్టారూ?"

"లైన్లు పొట్టిగా ఉన్నాయి."

"చీటీ ఇరుకు. అందుకని పొట్టిగా వచ్చాయి."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "అది నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే ముందు కథలోనే వేద్దామనుకున్నాను. మనిషి ఉంది, ఏదో జరిగింది, అయిపోయింది, కథకి ఇంకేం కావాలి? కాని కథ అంటే జనం, ఎవరా మనిషి, తర్వాత ఏమైంది అని అడుగుతారు. కవితని ఎవరూ అడగరు, చదివి నిట్టూర్చి పేజీ తిప్పేస్తారు. నీకు ఇబ్బంది లేకుండా ఉంటుందని కవితల్లో పడేశాను." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంటూ, "నాకు కూడా" అన్నాడు.

"ఇప్పుడు వాళ్ళు అడుగుతున్నారు."

"అంతా ఊహించి రాశానని చెప్పెయ్. కవిత అని గట్టిగా నిలబడు. కవికి కిటికీ ఎక్కడైనా పెట్టుకునే హక్కుంది." ఇంకా ఏదో అనబోయాడు. బస్తాల అవతల బూట్ల చప్పుడు వినిపించి నోరు మూసుకున్నాడు.

వచ్చింది గడియారమే. సబ్బుపొడి లెక్క రాయించుకునే మిషతో లోపలికి వచ్చి, మాస్టారు లోపలి గదికి వెళ్ళేదాకా ఆగి, సూదమ్మకు దగ్గరగా నిలబడ్డాడు. గొంతులో కోపం లేదు.

"సంతకం పెట్టేయ్ అక్కా. నువ్వు రాసిందే కదా."

మాస్టారు స్టూలు మీద వదిలిన టైపు కాగితం ఆమె తీసి మడుచుకుంది.

"వేరే సంగతులు లేస్తే, ఆ పేలిక ఎవరు చింపారన్న సంగతి కూడా లేస్తుంది. నేనొక్కడినే మునగను. నీ సంగతి కూడా చూసుకో. ఇంట్లో మీ మామగారు, మంచంలో మీ ఆయన." మణికట్టు వంక చూసుకున్నాడు. "గురువారం పదింటికి."

అతను వెళ్ళాక కూడా సూదమ్మ అక్కడే నిలబడింది. ఇంట్లో ఎవరున్నారో అతను వరసగా చెప్పిన తీరు ఆమెను అన్నింటికన్నా ఎక్కువ భయపెట్టింది.

*

ఇంటికి వచ్చేసరికి మామగారు భర్తకు గంజి తాగిస్తున్నాడు. ఆయన నలభై ఏళ్ళు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చిన మనిషి. ఏ కాగితం ఇచ్చినా ముందు అంచులు చూస్తాడు, తర్వాత చదువుతాడు. పత్రిక, టైపు కాగితం రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"ప్రాస లేదు. ఇదేం కవితమ్మా?"

"ఇప్పుడు అలా రాయరు మామయ్యా."

"మా అచ్చాఫీసులో ఒకటే లెక్క. లైను అంచుదాకా పోతే కథ. మధ్యలో ఆగి మిగతా చోటు ఖాళీగా వదిలితే కవిత. కవితకి మేము ఖాళీ సీసపు ముక్కలు పేర్చేవాళ్ళం, లైను చివర. అచ్చులో కనపడవు గాని అవీ బరువే. అవి తీసేస్తే లైన్లన్నీ కూలిపోతాయి." టైపు కాగితం మీద వేలు పెట్టాడు. "వీళ్ళు ముక్కలు తీసేశారు."

"అందులో లేనిది ఒకటుంది మామయ్యా" అంది సూదమ్మ. పేలిక సంగతి చెప్పింది. చెప్తున్నంతసేపూ గిన్నె కడుగుతూనే ఉంది. ఆయన కొడుకు మూతి తుడిచి, దుప్పటి సర్ది అన్నాడు.

"పెద్దక్కకి తెలుసా?"

"తెలీదు."

"ముందు అక్కడికి వెళ్ళు."

*

పెద్దక్క ఒక్కతే ఉంటుంది, మూడో అంతస్తులో, ఒక గది, ఒక వంటగది. కుడి చెయ్యి మణికట్టు దాకా కట్టు. తలుపు ఎడమ చేత్తో తీయడానికి కొంత సేపు పట్టింది. ఆ గొళ్ళెం కిర్రుమంటూ కదులుతున్నంతసేపూ సూదమ్మకు వెనక్కి తిరిగి పారిపోవాలనిపించింది.

"ఏదో రాశావటగా నా గురించి. అందరూ చెప్తున్నారు. చదువు" అంది పెద్దక్క. ఆమెకు చదువు రాదు.

సూదమ్మ చదివింది. ఒక నిమిషం కూడా పట్టలేదు.

"ఇంతేనా?"

"ఇంతే అక్కా."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది.

"కిటికీ ఎక్కడిదే?" అంది పెద్దక్క. "ఇరవై రెండేళ్ళు ఆ గోడ వంక చూశాను. సున్నం తప్ప ఏమీ లేదు అక్కడ."

"వానుంటే బాగుంటుందని..."

"ఎవరికి?"

సూదమ్మ పత్రిక మడిచి పక్కన పెట్టింది.

"సరే, వాన పెట్టుకో. కాని నేను అరవలేదని ఎందుకు రాశావు?"

"నువ్వు అరవలేదు అక్కా. నేను అక్కడే ఉన్నాను."

"అరిచాను." పెద్దక్క గొంతు పెంచలేదు. "మా అమ్మని పిలిచాను. నిన్ను కూడా పిలిచాను. రోలరు హోరులో నీకు వినపడలేదు. నీకు వినపడకపోతే నేను అరవనట్టా?"

వంటగదిలో పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్న చప్పుడు. లేచి ఆపాలని ఇద్దరికీ తోచలేదు. సూదమ్మ నోటిదాకా వచ్చింది పేలిక సంగతి. నాలుక చివర నిలబడింది. పెద్దక్క ఎడమ చేత్తో కట్టు సరిచేసుకుంటూ, "గురువారం ఏం చెప్తావు?" అని అడిగింది. ఆ కళ్ళలో నమ్మకం చూసేసరికి సూదమ్మకు ధైర్యం పూర్తిగా చచ్చిపోయింది.

"కిటికీ లేదని చెప్తాను" అంది. పేలిక మాట ఎత్తలేదు.

*

గురువారం ఇన్‌స్పెక్టరమ్మ పదికి పది నిమిషాల ముందే వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద సంచీ, కాలికి వానాకాలం చెప్పులు. మేనేజరు టీ తెప్పించాడు. ఆమె తాగలేదు. టైపు కాగితం చదివి, పత్రిక అడిగి తీసుకుని అందులో కూడా చదివింది. రెండూ చదవడానికి ఆమెకు పట్టిన సమయం సూదమ్మకు ఏడాదిలా ఉంది.

"ఇది మీరే రాశారా?"

"నేనేనండి."

"ఏమని రాశారు? కవితనా, కథనా, జరిగింది జరిగినట్టనా?"

మేనేజరు అందుకున్నాడు. "కళ్ళారా చూసిందే మేడం. ఆమె నాతో ఒప్పుకుంది."

"ఆమెని చెప్పనివ్వండి."

సూదమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంది. "రాసేటప్పుడు ఏదీ అనుకోలేదండి. ఆ గదిలో కిటికీ లేదు."

మేనేజరు కనుబొమలు పైకి లేచాయి. "ఉందమ్మా. వెనకవైపు..."

"చూద్దాం పదండి" అని ఇన్‌స్పెక్టరమ్మ లేచింది.

రోలరు గదిలో యంత్రం ఆపించారు. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం సూదమ్మ ఎన్నడూ చూడలేదు. వేడి మాత్రం అలాగే ఉంది. పెద్దక్క నిలబడే చోటుకు ఎదురుగా సున్నం కొట్టిన గోడ. పక్కన గోడ. వెనక గోడ. పైన రెండు గాలిపంకాలు. ఇన్‌స్పెక్టరమ్మ ఒక చుట్టు తిరిగి వచ్చింది. మేనేజరు గోడ వంక చూస్తూ, "పాత మ్యాపులో ఉన్నట్టు గుర్తు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన ఈ గదికి వచ్చి ఎన్నాళ్ళయిందో అందరికీ తెలుసు.

"అయితే ఇది ఊహ" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఈ టైపు కాగితం నాకు అక్కర్లేదు." దాన్ని మడిచి మేనేజరు చేతికి తిరిగి ఇచ్చేసింది.

అక్కడితో అయిపోయి ఉండవచ్చు. సూదమ్మకు ఒళ్ళంతా ఒక్కసారి వదులైంది. కవిత అని తేలింది, ఇక ఎవరూ ఏమీ అడగరు, ఇంటికి వెళ్ళిపోవచ్చు. మాస్టారు చెప్పింది నిజమే. పెద్దక్క మీద తప్పు కూడా పడదు. తప్పు ఎవరి మీదా పడదు. యంత్రం దగ్గర నిలబడ్డ గడియారం కూడా ఊపిరి వదలడం ఆమెకు వినిపించింది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారని తెలిసి ఆమె ఒక అడుగు దూరం జరిగింది.

"మరి జరిగిందేమిటి?" అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ, పుస్తకం తెరుస్తూ. మామూలుగానే అడిగింది.

సూదమ్మ కడ్డీ వంక చూసింది. ఇప్పుడది తళతళలాడుతోంది. ఎవరో నిన్ననే తుడిచారు. నోరు తెరిచింది. గడియారం మణికట్టు ఎత్తి టైం చూసుకున్నాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. అతనికీ భయంగా ఉందని అప్పుడు గమనించింది. అది చూశాక ఆమె భయం తగ్గలేదు. ఇంకా పెరిగింది. భయపడ్డ మనిషి ఏమైనా చేస్తాడు.

"పెద్దక్క అరిచిందండి" అంది. "అరిచింది. వాళ్ళమ్మని పిలిచింది. నన్ను పిలిచింది. నాకు వినపడలేదు. ఆ కడ్డీ వెనక్కి కట్టేసి ఉంది."

"దేనితో?"

"పేలికతో. ఆకుపచ్చ అంచు పేలిక. రెండు జానలు."

"అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"నేనే చింపి ఇచ్చానండి."

ఇన్‌స్పెక్టరమ్మ కలం ఆగింది.

"ఎవరికి ఇచ్చారు?"

సూదమ్మ చెయ్యి ఎత్తి చూపించలేకపోయింది. "సూపర్‌వైజరు గారికి" అంది నేల వంక చూస్తూ.

"దేనికో తెలిసే ఇచ్చారా?"

దీనికోసమే ఆమె రెండున్నర నెలలు భయపడింది. ప్రశ్న వచ్చేశాక తప్పించుకునే చోటు లేదు. చుట్టూ మూడు గోడలు, ఎదురుగా రోలరు.

"తెలుసండి" అంది.

ఇన్‌స్పెక్టరమ్మ అన్నీ రాసుకుని చదివి వినిపించింది. అందులో ఒక్క అందమైన మాట లేదు. లైన్లన్నీ కాగితం అంచుదాకా పోయి, అక్కడ విరిగి, మళ్ళీ మొదటినుంచి మొదలయ్యాయి. సూదమ్మ సంతకం పెట్టింది. ముందు సూదమ్మ అని మొదలుపెట్టి, కొట్టేసి, అసలు పేరు రాసింది. బయటికి వచ్చి మెట్ల మీద కూలబడింది. మేనేజరు పక్కనుంచే దిగి వెళ్ళాడు. ఆమె అక్కడ లేనట్టే వెళ్ళాడు.

*

గడియారాన్ని వారంలో తీసేశారు. వెళ్ళేముందు మాసికల గది గుమ్మం దగ్గర ఒక నిమిషం నిలబడ్డాడు. ఏదైనా అంటాడని సూదమ్మ మిషను ఆపి కూర్చుంది. అతను మణికట్టు వంక చూసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆమె ఇంటికి రెండు వీధులు చుట్టి వెళ్ళేది. రిపోర్టులో తప్పు లాండ్రీదని వచ్చింది. పెద్దక్క తప్పు లేదని స్పష్టంగా రాశారు. సూదమ్మకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి, ఆస్పత్రి మూటలు విప్పి మురికి బట్టలు వేరుచేసే షెడ్డుకు మార్చారు. అక్కడ రబ్బరు తొడుగులు వేసుకోవాలి, సూది లేదు. పత్రికలో చివరి పేజీ తీసేశారు. మాస్టారు ఒకరోజు షెడ్డు దాకా వచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి, "నేనూ చూశానమ్మా కడ్డీ కట్టి ఉండటం, అంతకుముందు రెండుమూడుసార్లు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

పెద్దక్కకు పేలిక సంగతి రిపోర్టు ద్వారానే తెలిసింది. చదివి వినిపించింది ఇంకెవరో. సూదమ్మ రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ లోపల అలికిడి వినిపించింది గాని తలుపు తెరుచుకోలేదు. మూడోసారి తెరుచుకుంది.

"ఆ రోజు నా ఎదురుగా కూర్చుని కూడా చెప్పలేదు నువ్వు" అంది పెద్దక్క.

"భయమేసింది."

"నామీదా?"

"నీమీదే ఎక్కువ అక్కా."

పెద్దక్క చేతికి కట్టు విప్పేశారు. అరచెయ్యి సగం ఉంది, రెండు వేళ్ళు ఉన్నాయి, అవి వంగవు. సూదమ్మ చూపు తప్పించలేదు. తప్పించకుండా ఉండటానికి ఆమె తన ఒళ్ళంతా బిగబట్టుకోవలసి వచ్చింది.

"గుమ్మంలో నిలబడకు" అని పెద్దక్క లోపలికి వెళ్ళి ఒక బట్టల మూట తెచ్చి నేల మీద పడేసింది. అన్నీ జాకెట్లు. "హుక్కులు పెట్టుకోలేకపోతున్నాను. ఒంటి చేత్తో పెట్టుకునేలా ఏమైనా చెయ్యగలవా?"

సూదమ్మ కింద కూర్చుంది. హుక్కులన్నీ విప్పేసి, నొక్కితే పట్టుకునే గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. కుడుతున్నంతసేపూ చెవులు పెద్దక్క వైపే ఉన్నాయి. ఎప్పుడు ఏ మాట అంటుందో అని. పెద్దక్క క్షమించానని కూడా అనలేదు. కుట్టిన మొదటి జాకెట్టు తీసుకుని, ఎడమ బొటనవేలితో గుండీ నొక్కింది. జారింది. మళ్ళీ నొక్కింది. మూడోసారి టక్కున పట్టుకుంది.

"ఇంకొంచెం పైకి కుట్టు" అంది పెద్దక్క, రెండో జాకెట్టు ఆమె ఒళ్ళో వేస్తూ.